కనిపించని బొమ్మ ముందు మైకు

1943 అక్టోబరు 13న ఇద్దరు చిత్రకారులు న్యూయార్క్ నగరపాలక సంస్థ అప్పట్లో నడిపిన డబ్ల్యూఎన్‌వైసీ రేడియో స్టేషనుకు వెళ్లారు. ఒకరు మార్క్ రోత్కో, మరొకరు అడాల్ఫ్ గాట్లీబ్. ఆనాటి ప్రసంగ విషయం పోర్ట్రెయిట్, ఆధునిక చిత్రకారుడు. పోర్ట్రెయిట్ అంటే మనిషి బొమ్మ కదా, అలాంటి ప్రదర్శనలో పురాణ పాత్రల్ని, అదీ పోలిక పట్టలేని తీరులో వేసి పెట్టడమేమిటని నిలదీసే లేఖతో కార్యక్రమం మొదలైంది. ఇద్దరూ వంతులవారీగా జవాబిచ్చారు. వాదన గట్టిదే. కానీ ఇళ్లలో రేడియో ముందు కూర్చున్నవాళ్లకు ఆ బొమ్మలు కనబడవు.

చూడని బొమ్మ గురించి చూడనివాళ్లకు చెప్పే ఈ పని అప్పటి నుంచి ఇప్పటి దాకా ఏదో ఒక ఊరి రేడియోలో సాగుతూనే ఉంది. టీవీ వచ్చింది, అరచేతిలోకి కెమెరా వచ్చింది. అయినా స్థానిక ఎఫ్‌ఎం స్టేషన్లలో చిత్రకారులు, శిల్పులు, గ్యాలరీ నిర్వాహకులు, కళా సంఘాల బాధ్యులు మైకు ముందు కూర్చుంటూనే ఉన్నారు. అలవాటు కొద్దీ జరిగిపోయే తంతుగా దీన్ని కొట్టిపారేయవచ్చు. నిజంగానే వీటిలో చాలా భాగం తంతే. ఎందుకు తంతుగా మారుతుందో, కొన్ని మాత్రం ఎందుకు మారవో చూడాలంటే ముందు క్యాలెండరు చూడాలి.

చిత్రకారుడు రేడియోకు ఎప్పుడు వస్తాడు? ప్రదర్శన మొదలయ్యే వారంలో. శుక్రవారం ప్రారంభోత్సవం ఉంటే బుధవారం ఇంటర్వ్యూ. స్టేషనుకు తాజా విషయం కావాలి, గ్యాలరీకి జనం కావాలి, కళాకారుడికి నలుగురి చెవిన పేరు పడాలి. ముగ్గురి అవసరమూ న్యాయమైనదే. చిక్కేమిటంటే, ఆ పది నిమిషాల సంభాషణ పుట్టిందే తేదీ, వేళ, చిరునామా చెప్పడానికి కాబట్టి మిగతా మాటలన్నీ వాటికి ముందుమాటలా తయారవుతాయి. చిన్నప్పటి నుంచీ బొమ్మలు వేసేవారా, ప్రేరణ ఎవరు, ఈ చిత్రాల ద్వారా ఏం చెప్పదలచుకున్నారు. ఈ మూడు ప్రశ్నలతో ప్రపంచంలోని ఏ చిత్రకారుడినైనా ఇంటర్వ్యూ చేయవచ్చు. అందుకే వాటికి వచ్చే జవాబులు ఏ చిత్రకారుడివైనా కావచ్చు.

ప్రదర్శన ఒక సంఘటన. దాని వెనక ఉన్నది పని. సంఘటన ఒక సాయంత్రంలో ముగుస్తుంది, పని మూడేళ్లుగా సాగి ఉండవచ్చు. స్థానిక రేడియో సంభాషణ సంఘటన పుణ్యమా అని మొదలవుతుంది. కానీ దానిని దాటి పని దగ్గరకు వెళ్లినప్పుడే వినదగినదవుతుంది.

దీనికి చక్కటి ఉదాహరణ 1950 నాటిది. ఈలోగా ఒక యంత్రం వచ్చి చేరింది. రోత్కో, గాట్లీబ్‌ల కాలంలో ఇలాంటి ప్రసంగాలు చాలావరకు ముందే రాసి తెచ్చుకున్న కాగితాలు. వారి మాటలు నేటికీ చదవగలుగుతున్నామంటే టైపు చేసిన ఆ ప్రతి మిగలడం వల్లనే. యుద్ధం ముగిశాక, 1940ల చివర్లో, టేపు రికార్డర్లు అమెరికా రేడియోలోకి వచ్చాయి. దానితో మైకు స్టేషను గడప దాటింది. చిత్రకారుడు రేడియో స్టూడియోకు రావడం కాక, రేడియోయే చిత్రకారుడి స్టూడియోకు వెళ్లడం సాధ్యమైంది. రెండు చోట్లకూ ఒకే పేరు ఉండటం తమాషాయే కానీ, ఒకదానిలో బయటి చప్పుడేదీ వినబడకూడదు, రెండోదానిలో ప్రతి చప్పుడుకూ అర్థం ఉంటుంది.

1950 చివర్లో లాంగ్ ఐలాండ్‌లోని స్ప్రింగ్స్ అనే పల్లెలో జాక్సన్ పొలాక్‌తో ఆయన పొరుగువాడైన విలియం రైట్ ఒక స్థానిక రేడియో కోసం సంభాషణ రికార్డు చేశారు. పొలాక్ కాన్వాసును నేల మీద పరిచి, పలచటి రంగును చుట్టూ తిరుగుతూ చిమ్మే పద్ధతికి అప్పటికే పేరు పొంది ఉన్నారు, అంతకు మించి ఎగతాళి పాలయ్యారు. రైట్ కళా విమర్శకుడిలా ప్రశ్నించలేదు. కుంచె వాడరా, మరి దేనితో వేస్తారు, అలా చిమ్మితే రంగు చేతి అదుపులో ఎలా ఉంటుంది, మరీ ఎక్కువ పడిపోదా, మామూలు మనిషి ఈ బొమ్మను ఎలా చూడాలి అనే ధోరణిలో అడిగారు. పక్కింటి మనిషికి కలిగే సందేహాలే అవి. అదే వాటి బలం.

మితభాషిగా పేరున్న పొలాక్ ఆ ప్రశ్నలకు నేరుగా బదులిచ్చారు. బ్రష్షుల కంటే ఎక్కువగా కర్రలు వాడతానని, అనుభవం వల్ల రంగు ధారను చాలావరకు అదుపు చేయగలనని, తన పనిలో యాదృచ్ఛికం అనేదాన్ని ఒప్పుకోనని అన్నారు. చూసేవాళ్లు ముందే ఒక విషయాన్ని వెతుక్కుంటూ రాకుండా, సంగీతం విన్నట్టుగా బొమ్మ ఇచ్చేది తీసుకోవాలన్నారు. విమానం, అణుబాంబు, రేడియో ఉన్న కాలాన్ని పాత రీతుల్లో చెప్పలేమన్న మాట కూడా అందులోనే వస్తుంది. రేడియో కోసం మాట్లాడుతూ రేడియోను ఈ యుగపు గుర్తుగా చెప్పడం ఎంతవరకు ఉద్దేశపూర్వకమో గానీ, వింటే చిరునవ్వు వస్తుంది. పొలాక్ గురించి రాసే ప్రతివాళ్లూ ఈ సంభాషణను తిరగేస్తారు. ‘అదుపులో ఎలా ఉంటుంది’ అన్న ప్రశ్న వెనక సిద్ధాంతమేమీ లేదు. నేల మీద రంగు చూసిన మనిషి ఆశ్చర్యం ఉంది.

ఇక్కడొక అపోహను పక్కన పెట్టాలి. రేడియోలో బొమ్మ కనిపించదు కాబట్టి దాన్ని కళ్లకు కట్టినట్టు వర్ణించాలని చాలామంది వ్యాఖ్యాతలు నమ్ముతారు. ఎడమవైపు నీలం, మధ్యలో ఒక స్త్రీ, వెనక కొండలు అంటూ మొదలుపెడతారు. చూపు లేని శ్రోతలకు ఓపికగా చేసే వర్ణన వేరు, దానికంటూ శిక్షణ ఉంది, దాని అవసరాన్ని తక్కువ చేయలేం. ఇంటర్వ్యూ మధ్యలో హడావుడిగా చేసే వర్ణన మాత్రం మూడో వాక్యానికే శ్రోత మనసులో చెదిరిపోతుంది. వరుసగా పేర్చిన రంగుల పేర్లు బొమ్మ కావు. కానీ ఒక పని ఎలా జరిగిందో చెబితే శ్రోత దాన్ని వెంటనే పట్టుకోగలడు, ఎందుకంటే పనికి కాలం ఉంటుంది, మాటకూ కాలం ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి జరిగేది ఏదైనా రేడియోకు ఒదుగుతుంది.

నీటిరంగుల చిత్రకారిణిని తీసుకుందాం. ఆమె చిత్రంలో తెల్ల మేఘం ఉందని చెబితే శ్రోతకు మేఘం మాత్రమే తెలుస్తుంది. ఆ తెలుపు అసలు వేసింది కాదని, చుట్టూ రంగు పూసుకుంటూ ఆ మేరకు కాగితాన్ని తాకకుండా వదిలేశానని, ఒక్క చుక్క జారితే మేఘం పోయినట్టేనని ఆమె చెబితే, బొమ్మ చూడకపోయినా శ్రోత ఆ చేతి వెంట వెళతాడు. రాతి మీద గీసి అచ్చు తీసే లిథోగ్రాఫీ కళాకారుడు అన్నింటినీ అద్దంలో చూసినట్టు, ఎడమను కుడిగా ఆలోచించి గీయాలి. మైనం కరిగించి కంచు పోసే శిల్పి తాను చేతులతో మలిచిన మైనపు రూపాన్ని పోగొట్టుకుంటేనే కంచు రూపం దక్కుతుంది. కుండలు చేసేవారు బట్టీ మూసిన తర్వాత, అది చల్లారేదాకా ఏం జరిగిందో చూడలేరు, ఆత్రపడి తెరిస్తే పగుళ్లు. తైలవర్ణాలు ఆరడానికి రోజులు, వారాలు పడుతుంది గనుక చాలామంది ఒకేసారి నాలుగైదు కాన్వాసుల మీద పనిచేస్తారు. ఇవన్నీ కళాకారుడికి రోజువారీ సంగతులు, చెప్పదగినవని కూడా అనుకోడు. అడిగితే తప్ప బయటికి రావు.

చేయి తిరిగిన మనిషికి నోరు తిరగకపోవచ్చు. చాలామంది కళాకారులు తమ పని గురించి మాట్లాడమంటే ప్రదర్శన కరపత్రంలో ఎవరో రాసిన వాక్యాల్నే అప్పజెబుతారు. అస్తిత్వం, అంతర్ముఖ ప్రయాణం, సమకాలీన సంక్షోభం అనే మాటలు దొర్లుతాయి. దీనికి కళాకారుడిని తప్పుపట్టడం అన్యాయం. గ్యాలరీలు, గ్రాంటు దరఖాస్తులు, పోటీల నిర్వాహకులు అడిగేది ఆ భాషే కాబట్టి అతడు అది నేర్చుకున్నాడు. వ్యాఖ్యాత చేయగలిగింది ఒకటుంది, ఆ మాటల్ని ఖండించకుండా మళ్లీ చేతుల దగ్గరకు తేవడం. ఈ బొమ్మ పూర్తయిందని ఎలా తెలిసింది? ఈ మధ్య చింపేసినది ఏదైనా ఉందా? పొద్దున్నే తలుపు తీయగానే మొదట ఏం ముట్టుకుంటారు? మొదటి ప్రశ్నకు సాధారణంగా ఒక నిశ్శబ్దం వస్తుంది. ఎడిటింగ్‌లో దాన్ని కోసేయాలని చేతులు దురద పెడతాయి. కోయకుండా ఉంచితే, ఆలోచిస్తున్న మనిషి వినబడతాడు.

శబ్దం సంగతి కూడా ఉంది. శిల్పులు రాయిని ఎంచుకునేటప్పుడు సుత్తితో తట్టి వింటారు. నిక్కమైన రాయి ఖంగుమంటుంది, లోపల చీలిక ఉన్న రాయి మొద్దుగా, మందంగా పలుకుతుంది. దృశ్యకళ అని పేరు పెట్టుకున్నదానిలో చెవి చేసే పని ఇది. రేడియోకు ఇంతకన్నా మంచి సామగ్రి దొరకదు. కాగితం మీద బొగ్గు గీసే గరగర, అచ్చు యంత్రపు రోలర్ మీద సిరా జిగురుగా లేచే చప్పుడు, చక్రం మీద తడి మట్టి. ఇవి వినిపిస్తే వర్ణన అక్కర్లేదు. స్టేషనులో కూర్చోబెట్టి మాట్లాడిస్తే ఇవేవీ ఉండవు. వెళ్లి రికార్డు చేయాలంటే ఒక పూట పోతుంది, స్వచ్ఛందంగా పనిచేసే వ్యాఖ్యాతకు ఆ పూట ఉండదు. చిన్న స్టేషన్ల కళా కార్యక్రమాల్లో లోపాలని మనం అనుకునేవాటిలో సగం అభిరుచి లోపాలు కావు, సమయం లేకపోవడం.

చిన్న స్టేషన్లు అంటే ఎంత చిన్నవి? బీబీసీ తొలి స్థానిక కేంద్రం ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో 1967 నవంబరు 8న మొదలైంది, కానీ దాని వెనక పెద్ద సంస్థ ఉంది. అసలు చిన్నవి వేరే. 2000లో అమెరికా అనుమతించిన తక్కువ శక్తి ఎఫ్‌ఎం స్టేషన్లకు గరిష్ఠ పరిమితి 100 వాట్లు, అంటే ఒక పాతకాలపు బల్బు మింగే కరెంటు. ప్రసారం అటూ ఇటూ అయిదారు కిలోమీటర్లు అందుతుంది. ఆ పరిధిలో వ్యాఖ్యాత, కళాకారుడు, శ్రోత ఒకరికొకరు తెలిసే ఉంటారు, లేదా తెలిసినవాళ్లకు తెలిసి ఉంటారు.

ఈ దగ్గరితనం రెండు వైపులా కోస్తుంది. రైట్ లాంటి పొరుగువాడు అడగగలిగింది దూరపు విమర్శకుడు అడగలేడు. అదే పొరుగువాడు రేపు దారిలో ఎదురుపడాలి కాబట్టి నొచ్చుకునే మాట అనలేడు. స్థానిక రేడియోలో చెడ్డ ప్రదర్శన అనేది ఉండదు, అన్నీ అద్భుతాలే. దీనికి విరుగుడుగా కఠిన విమర్శ కావాలని కొందరంటారు. అది పనిచేయదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అయిదు కిలోమీటర్ల లోకంలో తీర్పులిచ్చే వ్యాఖ్యాత దగ్గరికి మూడో నెల నుంచి ఎవరూ రారు. పొగడ్తా తెగడ్తా రెండూ వదిలి వివరం అడగడమే అక్కడ నిజాయితీ. అయితే పెద్ద విమర్శకులతో జరిగే సంభాషణకు ఉండే లోతు వేరే. కళా విమర్శకుడు డేవిడ్ సిల్వెస్టర్ 1962లో బీబీసీ కోసం చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్‌తో మొదలుపెట్టిన మాటలు ఇరవై ఏళ్లకు పైగా సాగాయి. స్థానిక రేడియోకు ఆ స్థాయి విమర్శకుడు దొరకకపోవచ్చు. కానీ ఒకే మనిషిని మళ్లీ మళ్లీ పిలిచే వెసులుబాటు దానికి ఉంది, దాన్ని వాడుకునే స్టేషన్లు తక్కువ. ప్రదర్శన లేని ఏడాదిలో పిలిచి చూస్తే తెలుస్తుంది, సంభాషణ ఎంత వేరుగా సాగుతుందో.

ఇక కళా సంఘాల నాయకులు. వీరితో సంభాషణ పూర్తిగా వేరే జాతి, కానీ కార్యక్రమాలు ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తాయి. కళాకారుడు ‘నేను’ అని మాట్లాడతాడు, నాయకుడు ‘మేము’ అని. ఆ మేములో ఎవరున్నారో, ఎవరు లేరో తేల్చడమే అసలు ఇంటర్వ్యూ. మామూలుగా జరిగేది వేరు: దాతలకు ధన్యవాదాలు, స్వచ్ఛంద సేవకులకు ధన్యవాదాలు, అందరూ ఆహ్వానితులే. ఆ చివరి మాట దగ్గర ఆగి, ఇప్పటి దాకా రానివాళ్లెవరు అని అడిగే వ్యాఖ్యాతను వెతకాలి.

నాయకుల దగ్గర ఉండేది కళాకారుడి దగ్గర దొరకని సమాచారం. గది అద్దె ఎంత పెరిగింది, బొమ్మల ఎంపిక ఎవరు చేస్తారు, గోడకు వేలాడదీసినందుకు కళాకారుడికి ఏమైనా ముట్టజెబుతారా లేక పేరు వస్తుందని సరిపెడతారా. ఇవి చిల్లర విషయాలు కావు. కెనడాలో చిత్రకారులే 1968లో కార్ఫాక్ అనే సంఘం పెట్టుకుని, ప్రదర్శించినందుకు రుసుము చెల్లించాలని పట్టుబట్టారు. 1988లో ఆ దేశ కాపీరైట్ చట్టంలో ప్రదర్శన హక్కు చేరింది. న్యూయార్క్‌లో 2008లో మొదలైన వేజ్ అనే బృందం లాభాపేక్ష లేని గ్యాలరీలు కళాకారులకు కనీసం ఎంత ఇవ్వాలో లెక్కలు వేసి పెట్టింది. ఇంత చరిత్ర ఉన్న ప్రశ్నను స్థానిక గ్యాలరీ నిర్వాహకుడిని అడిగితే అమర్యాద అనిపించడం, ఆ సంభాషణలు ఎంత మెత్తబడిపోయాయో చెబుతుంది.

అద్దె సంగతీ అంతే. న్యూయార్క్‌లోని సోహోలో పాడుబడ్డ ఫ్యాక్టరీ అంతస్తుల్లో కళాకారులు నియమాలకు విరుద్ధంగానే కాపురం పెట్టారు. 1971లో నగరం దాన్ని చట్టబద్ధం చేసింది, 1982లో లాఫ్ట్ (ఇళ్లుగా మారిన ఫ్యాక్టరీ అంతస్తుల) చట్టం మరికొన్ని భవనాలకు రక్షణ ఇచ్చింది. ఆ తర్వాత ఆ ప్రాంతానికి వచ్చిన విలువ సామాన్య కళాకారుడు భరించలేనంత అయింది. కళాకారులు వెళ్లిన చోటల్లా ఈ కథ చిన్న మోతాదులో నడుస్తూనే ఉంటుంది. భవనం తాళాలు చేతిలో ఉన్న సంఘం కార్యదర్శికి దాని తర్వాతి అధ్యాయం అందరికంటే ముందు తెలుస్తుంది. ఆ మనిషి మైకు ముందు కూర్చున్నప్పుడు వార్షికోత్సవం గురించి మాత్రమే అడిగి పంపడం వృథా.

అడగకపోవడానికి మొహమాటం ఒక్కటే కారణం కాదు. స్టేషనూ, కళా సంఘమూ చాలాసార్లు ఒకే గ్రాంటు కోసం, ఒకే దాతల చుట్టూ తిరుగుతుంటాయి. సంఘం అధ్యక్షురాలు స్టేషను సలహామండలిలో ఉండవచ్చు. అమెరికాలో వాణిజ్యేతర స్టేషన్లు తమ దాతల ప్రకటనల్లో ధరలు చెప్పకూడదు, రండి కొనండి అని పిలవకూడదు అన్న నియమం ఉంది. ఇంటర్వ్యూ పేరుతో సాగే మృదువైన ప్రచారానికి అంత తేలికైన గీత గీయడం కష్టం. ఇద్దరి మధ్య ఉన్న సంబంధాన్ని కార్యక్రమం మొదట్లో ఒక్క వాక్యంలో చెప్పేస్తే, ఆ తర్వాత గట్టి ప్రశ్న అడగడానికి వ్యాఖ్యాతకూ తేలికవుతుంది.

ఈ చిక్కులన్నీ వదిలించుకోవడానికి కళాకారులే రేడియోను చేతిలోకి తీసుకున్న సందర్భాలు ఉన్నాయి. ఆస్ట్రియా ప్రభుత్వ రేడియోలో 1987లో హైదీ గ్రుండ్‌మన్ మొదలుపెట్టిన కున్‌స్ట్‌రాడియో, లండన్‌లో 2002 మే 1న ప్రసారం ప్రారంభించిన రెజొనెన్స్ ఎఫ్‌ఎం అలాంటివి. అక్కడ రేడియోయే కాన్వాసు. కళ గురించి మాట్లాడటం కంటే ప్రసారాన్నే కళగా చేయడం మీద మక్కువ ఎక్కువ. గొప్ప ప్రయోగాలే, కానీ అవి పక్కింటి మనిషి ప్రశ్నకు ప్రత్యామ్నాయం కావు.

ప్రసారమైపోయాక ఈ సంభాషణలు ఏమవుతాయన్నది అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురైన విషయం. షికాగోలోని డబ్ల్యూఎఫ్‌ఎంటీ రేడియోలో వ్యాఖ్యాత స్టడ్స్ టెర్కెల్ 1952 నుంచి 1997 దాకా, నలభై ఐదేళ్లు, కళాకారుల నుంచి కార్మికుల దాకా వేలమందితో మాట్లాడారు. టేపు రికార్డరు నడపడం సరిగా చేతకాదని పేరుపడ్డ ఆయన టేపులు మిగిలి, ఇప్పుడు డిజిటల్ రూపంలో అందరికీ అందుతున్నాయి. దాచాలన్న పట్టుదల ఎవరికో ఉండబట్టి అది జరిగింది. 1954లో డెట్రాయిట్‌లో పుట్టిన ఆర్కైవ్స్ ఆఫ్ అమెరికన్ ఆర్ట్ అనే భాండాగారం 1958 నుంచి కళాకారుల మౌఖిక చరిత్రలు సేకరిస్తోంది. బ్రిటన్‌లో 1990 నుంచి ‘ఆర్టిస్ట్స్ లైవ్స్’ అనే పేరుతో చిత్రకారుల, శిల్పుల జీవితకథల్ని గంటల కొద్దీ రికార్డు చేస్తున్నారు. అవి భద్రపరచడం కోసమే చేసినవి. స్థానిక రేడియో సంభాషణ బుధవారం కోసం చేసింది, గురువారానికి దానితో ఎవరికీ పనిలేదు. హార్డ్‌డిస్కు నిండితే ముందు పోయేది అదే.

తేదీ, వేళ, చిరునామా చెప్పిన భాగం నిజంగానే గురువారానికి చచ్చిపోతుంది. బట్టీ గురించి, పారేసిన కాన్వాసు గురించి, అద్దె గురించి చెప్పిన భాగానికి విలువ పెరుగుతూ పోతుంది. ఆ ఊళ్లో, ఆ ఏడాదిలో కళాకారులు ఎలా బతికారో చెప్పే ఆధారం వేరే ఎక్కడా ఉండకపోవచ్చు. దాచడానికి పెద్ద సంస్థ అవసరం లేదు. ఎడిట్ చేయని పూర్తి రికార్డింగును వేరుగా ఉంచడం, ఫైలుకు పేరు, తేదీ, స్థలం రాయడం, రెండో ప్రతిని మరోచోట పెట్టడం చాలు. వీటికి తోడు ఒక చిన్న గమనిక కూడా రాయాలి. స్టూడియోలో చేసిన ప్రతి రికార్డింగులోనూ ఒక చోట కళాకారుడు లేచి, మైకుకు కాస్త దూరమై, ‘ఇదిగో, ఇక్కడ చూడండి, ఈ మూల చెడగొట్టుకున్నాను’ అంటాడు. ఆ రోజు గోడకు ఆనించి ఉన్నది ఏ బొమ్మో రాసిపెట్టకపోతే, ఆ ‘ఇక్కడ’ ఎక్కడో ఇక ఎవరికీ తెలియదు.